ఊరుమ్మడి నేల

టెక్కలి పట్టణమునకు చేరువనున్న రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి గర్భాలయము లేదు, విమానము లేదు, కప్పు లేదు. మనుష్యుని నిలువెత్తును మించిన శివలింగము ఎండకు ఎండుచు, వానకు తడియుచు, ఆకాశమునకు ముఖమెత్తి నిలిచియున్నది. టెక్కలి జమీందారులలో నొకరు ఆ దైవమునకు కోవెల కట్టింప సంకల్పించి పని మొదలిడగా, స్వామి కలలో కనబడి, తనకు నీడ వలదనియు, తనను తాకిన గాలి నలుదిక్కులకును పోయి జనులకు ఆరోగ్యము నీయవలెననియు ఆనతిచ్చెనని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకొందురు. ఈ గాథకు ప్రమాణములు వెదకు పనికి నేను పూనుకొనలేదు. కప్పు వేసినచో తలుపు వచ్చును, తలుపు వచ్చినచో తాళము వచ్చును, తాళము వచ్చినచో దానిని మొలకు చెక్కుకొని తిరుగు అధికారి యొకడు వచ్చును. ఈ దైవము మొదటి మెట్టుననే ఆ పరంపరను త్రెంచివైచినాడని మాత్రము నాకు తోచును.

ఊరి పేరును గమనింపదగినదే. శ్రీకాకుళ, విజయనగర మండలములలో 'వలస' అను మాటతో ముగియు గ్రామనామములు విస్తారముగా నున్నవి. ఎక్కడినుండియో తరలివచ్చి గుడిసెలు వేసికొనిన జనుల జాడ ఆ మాటలో నిలిచిపోయినది. అట్లు వచ్చినవారు ఒక రావిచెట్టును చూచి, దాని క్రింద మూటలు దించి, ఆ చెట్టుపేరనే తమ ఊరిని పిలుచుకొనిరని ఊహించుట అసంగతము కానేరదు. ఇల్లు కట్టుకొనకముందే ఆ వచ్చినవారికి అందరిదియునైన నీడ యొకటి లభించినదన్నమాట.

కార్తికమాసపు సోమవారములలో ఈ ఊరి త్రోవలు జనులతో నిండిపోవును. పలాసనుండియు, నౌపడనుండియు, ఉద్దానపు తీరగ్రామములనుండియు, ఇంట ఒడియా మాటాడెడి సరిహద్దు పల్లెలనుండియు వచ్చువారు స్వామిదర్శనము చేసికొని, పిమ్మట పిల్లాపాపలతో చెట్లనీడలు వెదకుకొందురు. ఉసిరిక మ్రాను దొరికినచో మరింత పుణ్యమని పెద్దల నమ్మకము. దొరకనిచో మామిడియైనను, జీడిమామిడియైనను సరియే. మూడురాళ్ళు పొయ్యి యగును, ఎండుపుల్లలు వంటచెరకగును, ఏజెన్సీ కొండలనుండి దిగివచ్చిన అడ్డాకుల విస్తళ్ళు పరచుకొనును. ఆ నాడు ఆ నేల ఎవరిదని అడుగువాడు లేడు. 'పార్కు' అను మాట మన నాలుకపైకి రాకమునుపే, సర్వజనులును చెట్లక్రింద కూర్చుండి సంతోషించుటకు ఒక మాసమును, అందొక దినమును, ఆ దినమునకొక పుణ్యమును మన పూర్వులు ఏర్పరచి యుంచిరి. కులముల దూరములు ఆ బంతులలో సైతము పాటింపబడెనన్నది నిజమే. దానిని దాచిపెట్టి ఈ ఆచారమును పొగడుట నా అభిమతము కాదు. అయినను చెట్టు ఆ భేదమును ఎరుగక నీడనిచ్చుచునే వచ్చినది.

ఈ క్షేత్రమునకు మరియొక ఐతిహ్యము కలదు. రామరావణయుద్ధానంతరము వానరవైద్యుడైన సుషేణుడు ఓషధులు దట్టముగా పెరిగిన ఈ కొండ దగ్గర తపస్సు చేసికొనుచు దేహము చాలించెననియు, అతనిని చూడవచ్చిన హనుమంతుడు ఆ కళేబరముపై జింకచర్మము కప్పి, మల్లెపూలుంచి పోయెననియు, తరువాత శ్రీరాముడు వచ్చి చర్మము తొలగింపగా అచ్చట లింగము గోచరించెననియు, మల్లికయు అజినమును కలిసి మల్లికాజినుడను పేరు పుట్టి అదియే మల్లికార్జునుడుగా మారెననియు కథ. కళింగదేశమున ఓషధులను గూర్చి ఇంతకంటె గట్టి సాక్ష్యము శిలపై నున్నది. ఋషికుల్యానదీతీరమున, గంజాం సీమలోని జౌగడ వద్ద, అశోకచక్రవర్తి క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన శాసనములలో, మనుష్యులకును పశువులకును ఉపకరించు ఓషధులు లేనిచోట్ల తెప్పించి నాటించితిననియు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు చెప్పుకొనిన రెండవ శాసనము కూడ కలదు. కళింగమును రక్తసిక్తము చేసిన ఏలిక ఆ కళింగపు రాతిమీదనే చెట్లమాట వ్రాయించుట నా మనస్సును ఎప్పుడును కదలించును.

ఆ తరువాతి శతాబ్దములలో ముఖలింగము రాజధానిగా ఏలిన గంగరాజులు ఇచ్చిన దానశాసనములలో కొన్ని టెక్కలి ప్రాంతముననే దొరికి, టెక్కలి తామ్రశాసనములని పేరొందినవి. ఆ కాలపు రాగిరేకులలో దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పునపుడు చెట్టు, పుట్ట, చెరువుగట్టు, వాగు అని చెప్పుట పరిపాటి. పదిమందికి తెలిసిన చింతచెట్టు హద్దుగా నిలుచుటచేతనే ఒక్కని భూమి వానిదిగా నిలువగలిగినది. తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, కావ్యము, కుమారుడు అని సప్తసంతానములను లెక్కించినవారు తోటను కన్నకొడుకు సరసన కూర్చుండబెట్టిరి. ఇక్కడి తీరమునకు ఉద్దానమను పేరే ఉద్యానశబ్దమునుండి పుట్టినది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, పనస, జీడి, మామిడి ఒకదాని భుజముపై నొకటి చేయివేసినట్లు పెరిగి, ఊరెక్కడ ముగిసెనో తోట ఎక్కడ మొదలయ్యెనో తెలియనీయక యుండెడివి.

అందరిదైన నేలను ఎవరు చూచుకొందురు? చెరువు విషయమున ఈ ప్రశ్నకు మన పల్లెలు చెప్పిన సమాధానమునకు కుడిమరామత్తని పేరు. వేసవిలో చెరువు అడుగంటిన పిదప ఆయకట్టు రైతులు ఇంటికింతమందియని పలుగులు, పారలు, తట్టలు పట్టుకొని దిగుదురు. పూడికమట్టి త్రవ్వి గట్టు గండ్లకు వేయుదురు, కాలువలలోని తూడు తీయుదురు, తూము సవరించుదురు. అడుగున పేరుకొనిన మెత్తని ఒండ్రుమట్టిని బండ్లకెత్తి తమ పొలములకు తోలుకొందురు. ఈ ఏర్పాటులోని సూక్ష్మము ఆ ఒండ్రులో నున్నది. చెరువును బాగుచేయుటయు, చెరువువలన బాగుపడుటయు ఒకే తట్టలో ఇమిడినవి. సేవయేదో భోగమేదో విడదీయరాదు. రసాయనపు ఎరువులు వచ్చి ఒండ్రుతో అవసరము తగ్గిన తరువాత చెరువులు పూడిపోవుటకు ప్రజల సోమరితనమే కారణమని కొందరు పెద్దమనుష్యులు నిందింతురు. ఒండ్రుపై ఆశ పోయినచోట పారపై చేయి పోవుట సహజమని నేననుకొందును.

అట్లని ఆ పాతకాలపు శ్రమదానమును స్వర్ణయుగముగా చిత్రించుట సత్యమునకు దూరము. చెరువులో దిగి తట్టలెత్తినవారందరికిని ఆయకట్టులో భూమి లేదు. భూమిలేని పాలేరు తన యజమాని వంతు పని చేసెడివాడు. ఒండ్రు యజమాని పొలమునకు పోయెడిది. కంపెనీ ప్రభుత్వము 1858లో, ఆ యేటి మొదటి చట్టముగా, మద్రాసు రాజధానికి నిర్బంధశ్రమను గూర్చిన శాసనమును తెచ్చి, కట్టలు తెగునప్పుడు జనులను బలవంతముగ పనికి పిలుచుటకును, ఆచారమైన మరామత్తును ఎగవేసినవారినుండి సొమ్ము రాబట్టుటకును అధికారము కల్పించుకొనినది. ఆచారము చట్టమైన దినముననే దానిలోని ప్రాణము సన్నగిల్లినది. ఊరు తనంత తాను పోయి చేసిన పనియు, బంట్రోతు వచ్చి పిలిచిన పనియు పలుగుదెబ్బలో ఒక్కటియే కావచ్చును గాని, మరుసటి వేసవికి ఆ రెంటి భేదము గట్టుమీద కనబడును.

అడవిమాట వేరు. అది ఇంకను కఠినమైన కథ. 1802 నాటి శాశ్వతశిస్తు ఏర్పాటుతో ఉత్తరసర్కారుల భూమి జమీందారుల చేతులలో స్థిరపడినది. టెక్కలి, మందస మొదలైన సంస్థానములు ఈ సీమలో ఉండెను. నాగలికి కర్ర, ఇంటికి వాసము, పొయ్యికి పుల్ల, పశువునకు మేత, ఇవన్నియు రైతునకు అడవి ఇచ్చినవి. ఇచ్చుట ఎప్పుడు మొదలైనదో ఎవరికిని జ్ఞాపకము లేదు. ఆ అడవి దొరవారిదనియు, కర్రకు రుసుము చెల్లింపవలెననియు, చెల్లింపనివాడు దొంగయనియు లెక్క మారినది. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము చెరువుగర్భములను, గట్లను, కళ్ళములను, మందబయళ్ళను ఉమ్మడి ఉపయోగమునకు చెందినవిగా వేరుపరచి గుర్తించినది. ఆ గుర్తింపు కాగితముపై ఉన్నంత దృఢముగ కొండచరియలపై లేకపోయెను.

1940 మార్చి నెల చివర పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. రైలుబండ్లలో దూరదేశములనుండి వచ్చిన నాయకులు ఉపన్యసించిన ఆ సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిల్ 1వ తేదీని, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున తుపాకులు పేలినవి. అడవినుండి కలప తెచ్చుకొను హక్కు తమదేయని రైతులు నిలిచిరి. వారిని పట్టుకొన వచ్చిన పోలీసులను స్త్రీలు ముందుండి అడ్డగించిరి. సాసుమాను గున్నమ్మయను నిండుచూలాలు ఆ కాల్పులలో నేలకొరిగినది. వీరగున్నమ్మయని ఉద్దానమంతయు నేటికిని ఆమెను తలంచుకొనుచున్నది. చరిత్రకారులు ఆమెను జమీందారీవ్యతిరేకోద్యమపు వీరనారిగా వర్ణింతురు; అది యథార్థమే. నాగటి కర్రకై, పొయ్యిలోని పుల్లకై, అనగా ఊరుమ్మడి అడవికై ప్రాణమిచ్చిన గృహిణిగా కూడ ఆమెను స్మరింపవలెనని నా విన్నపము. లండను నగరమునకు చేరువనున్న ఎప్పింగ్ అడవిలో, శీతకాలమున కొమ్మలు నరకుకొను పాతహక్కును విడువక లౌటన్ గ్రామీణులు చెరసాలకు పోయిరి. ఆ పోరాటఫలముగ 1878లో చట్టము పుట్టి ఆ వనమంతయు ప్రజలకు విహారభూమిగా దక్కినది. అక్కడ పుల్లలకై పెనగులాడినవారి పేర వనము నిలిచినది. ఇక్కడ గున్నమ్మ పేర స్తూపము మాత్రము నిలిచినది.

జమీందారీలు 1948 నాటి చట్టముతో రద్దయినవి. ఆ చట్టము చేతనే ఉమ్మడి భూములు, పోరంబోకులు, బీళ్ళు, అడవులు, చెరువులు సర్వమును ప్రభుత్వమునకు దఖలు పడినవి. దొర పోయి సర్కారు వచ్చుట ఆనాడు పండుగగా తోచుటలో ఆశ్చర్యము లేదు. కాని ఊరికిని ఆ నేలకును నడుమనున్న బంధము కచేరీ కవిలెలలోనికి పోయి, అచ్చట ఒక్క మాటగా కుదించుకొనినది: పోరంబోకు. శిస్తులెక్కకు వెలుపలి భూమియని మాత్రమే దాని మొదటి అర్థము. నేడు మన నోళ్ళలో ఆ మాట పనికిమాలినవానిని తిట్టు తిట్టు. శిస్తు పుట్టని నేలను పనికిరాని నేలగా ఎంచు దృష్టి ఎట్లు వ్యాపించెనో ఈ ఒక్క శబ్దపు పతనము తెలుపుచున్నది.

ఆ దృష్టికి ఫలితమును ఇరువదియొకటవ శతాబ్దమున ఈ తీరము చవిచూచినది. సోంపేట చెంత నీరు నిలుచు విశాలమైన పల్లమునకు బీలయని పేరు. అందు చేపలు పట్టువారు, తుంగ కోసి చాపలల్లువారు, పశువులను మేపువారు, ఆ నీటితో పొలము తడుపుకొనువారు తరతరములుగ బ్రతికిరి. అది నిరుపయోగమైన భూమియని కాగితములు వ్రాసి, బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కర్మాగారమునకు కేటాయింపగా, రైతులును జాలరులును కలిసి దీక్షకు కూర్చుండిరి. 2010 జూలై 14న పోలీసులు కాల్చిరి, మనుష్యులు మరణించిరి. సరిగా ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు సంస్థ ఆ కర్మాగారమునకిచ్చిన అనుమతిని కొట్టివేసినది. తీర్పు ఒక్కనాడు ముందు వచ్చినచో ఏమై యుండెడిదో తలంచుకొనిన మనస్సు నిలువదు. మరుసటి యేడు జనవరి 28న సర్వోన్నత న్యాయస్థానము, పంజాబులోని ఒక గ్రామపు చెరువు వ్యాజ్యమున, ఊరుమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించి గ్రామమునకు తిరిగి అప్పగింపవలెనని రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. సరిగా నెలకు, ఫిబ్రవరి 28న, టెక్కలి పొరుగున సంతబొమ్మాళి ప్రాంతములోని కాకరాపల్లి చిత్తడిభూమి వివాదమున మరల తుపాకులు పేలి మరల ప్రాణములు పోయినవి.

కాకరాపల్లి నేలయు, నౌపడ ఉప్పుమడులును, వాటి చుట్టునున్న తంపరభూములును ఒకే చిత్తడి కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబపు అతిథులు తేలినీలాపురమున దిగుదురు. ప్రతి యేట సెప్టెంబరు మొదలుగా గూడబాతులును, పసుపుముక్కు రంగుకొంగలును వచ్చి, ఆ ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, ఎండలు ముదురునాటికి, మార్చి ప్రాంతమున, మరలిపోవును. ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచికి నత్తలు తిని బ్రతుకు కొంగలు, ముక్కు మూసినను నడుమ సందు మిగులు జాతివి, తొలకరికి వచ్చి చేరును. ఇవి సైబీరియానుండి వచ్చునని ఇక్కడివారి వాడుక; పక్షిశాస్త్రజ్ఞులు మాత్రము ఈ జాతులు మన దేశముననే, దక్షిణాసియాలోనే, నీటి జాడనుబట్టి సంచరించునవని చెప్పుదురు. ఎక్కడివైనను ఊరివారి దృష్టిలో అవి పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. పక్షులు రాని యేడు వానలు రావని భయము, అవి వచ్చిన దినమున ఊరికి కళ.

ఈ ఆతిథ్యము చులకనైనది కాదని చెప్పవలెను. వందలాది పెద్దపక్షులు ఇంటి చెంత చెట్లపై కాపురముండుట ముద్దుగ వినబడును గాని, రెట్టకు పెరడు తెల్లబడును, చేపల వాసన వంటింటిలోనికి వచ్చును, రాత్రి నిద్రకు వాటి రొద తప్పదు. చింతచెట్టుపై గూళ్ళున్నంతకాలము చింతపండు దులుపుటకు వీలుపడదు. కర్ణాటకములోని కొక్కరెబెళ్ళూరులో ఈ నష్టమునకు అటవీశాఖ వారు చెట్టు యజమానులకు పరిహారమిచ్చు పద్ధతి పెట్టిరి. అనంతపురము సీమలోని వీరాపురమును, గుంటూరు చేరువనున్న ఉప్పలపాడును ఇట్టి ఆతిథ్యమునకే పేరొందినవి. తేలినీలాపురమున పిల్లలు రాయి విసరరాదు, వేటగాడు ఊరిలో అడుగిడరాదు అను కట్టుబాటు ఏ రిజిస్టరులోను లేక ఇంటింట నడచినది. అటవీశాఖ వచ్చి చూపరులకు వసతులు కల్పించుట తరువాతి మాట. ఊరి చెట్లు పక్షులకు పడకగది మాత్రమే. వంటిల్లు నౌపడ చిత్తడినేల. ఆ నేలను పోరంబోకని వ్రాసిన లెక్కలో గూడబాతునకు పద్దు లేదు. చెట్లను కాపాడిన ఊరు చిత్తడిని కూడ తనదిగా ఎంచుట వట్టి ఔదార్యము కాదు. ఆ పక్షులు ఎక్కడ మేయునో చూచిన కన్నులకు అది తెలిసిన సంగతియే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరమును దాటినది. ఉద్దానమున కొబ్బరిచెట్లు నడిమికి విరిగినవి, పనసలు వేళ్ళతో సహా లేచిపడినవి, తాతలు నాటిన జీడితోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమైనవి. కొబ్బరి పెట్టి కాయ చూచుటకు అయిదారేండ్లు కావలెను. ముదిరిన జీడితోట తిరిగి చేతికందవలెనన్నచో ఇంకను ఓపిక కావలెను. త్రోవలపై అడ్డముగ పడిన మ్రాకులను కోయుటకు, విద్యుత్తు లేని ఊళ్ళకు నీళ్ళు చేర్చుటకు, ఒరిగిన లేతచెట్లను నిలబెట్టి మొదట మట్టి ఎగదోయుటకు పొరుగూళ్ళవారును దూరపు జిల్లాలవారును వచ్చిరి. రంపము పట్టినవాడు ఇది నా తోటయా, పరాయి తోటయా యని అడుగలేదు. త్రోవ తెరచుకొనుటయే పని. తోటలు ఎవరివి వారివే, కాగితములు ఎవరివి వారికే యున్నవి. కాని ఆ చెట్లవరుస సముద్రపుగాలికి అడ్డునిలుచుట, ఆ నీడ ఊరిని చల్లబరచుట, పేరులో నున్న ఉద్యానము కంటికి కనబడుట అందరి సొత్తుగానే యుండెనని అది పోయిన తరువాత అందరికిని తెలిసినది.

ఆ యేడు కార్తికమాసము తుపాను వెళ్ళిన నాలుగు వారములకు, నవంబరు 8న ప్రవేశించినది. తొలి సోమవారము 12వ తేదీ. ఉద్దానపు పల్లెలలో కూలిన మొద్దులు దిబ్బలుగా పడియున్నవి. వనభోజనమునకు వెదకినను నిలిచిన నీడ కొన్ని తావులనే మిగిలినది. రావివలసలో మాత్రము తుపాను ఎత్తుకొనిపోవుటకు కప్పేమియు లేకుండెను. లింగము ఎప్పటివలె ఎండలో నుండెను.